కాటా మీద కరెంటు డబ్బా

అబ్బాయ్, ఇంక చాల్లే. పొద్దుట్నించీ ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. విప్పావు, చూశావు, మూశావు, మళ్ళీ విప్పావు. ఎన్నిసార్లు విప్పితే మాత్రం లోపల ఉన్న సిమెంటు ముద్ద కరిగిపోతుందా ఏవిటి?

కాఫీ చల్లారిపోయింది. తాగితే తాగు, లేకపోతే ఆ జ్ఞానయ్యకి ఇచ్చెయ్. పొద్దున లేస్తే ఇనుం మోసే హమాలీ, వాడికన్నా ఒంటబడుతుంది.

అసలు ఎలాంటి ఊరు మనది? జగ్గయ్యపేట చుట్టూ ఎటు చూసినా సిమెంటు ఫ్యాక్టరీలే. దండెం మీద ఆరేసిన చీర సాయంత్రానికి బూడిదరంగుకి తిరుగుతుంది. అలాంటి ఊరికి హైదరాబాదు నించి సిమెంటు ముద్ద తెప్పించుకున్నాం చూడు, అట్టపెట్టెలో పెట్టి, పైన మంటల బొమ్మలేసి. ఈ ఘనత ఇంకే కొట్టుకైనా ఉందా?

నవ్వవేం? నవ్వొచ్చే సంగతే కదా. బజారంతా నవ్వుతోంది. ఇందాక కిరాణా కొట్టాయన వచ్చి, ఏవమ్మా ఆండాళమ్మగారూ, మీ మరిది నందిగామలో దీపావళి ముందే చేశాడంటగా అని అడిగిపోయాడు. నువ్వు విన్నావు. విని తల ఇంకా కిందకి దించావు. తల దించడంలో నీకు సాటి ఎవరూ లేరు నాయనా.

నిన్న ఏం జరిగిందో నువ్వు ఒక్క ముక్క చెప్పలా. ఆటోలోంచి ఆ కాలిపోయిన మిషను దింపుకుని, మెట్ల కింద పెట్టి, దుప్పటి ముసుగేసుకుని పడుకున్నావు. నాకు నవీన్‌బాబు ఫోన్ చేసి చెప్పాడు. అవును, నీ ఫ్రెండే. నీతోపాటు నందిగామ కాలేజీలో చదివి, వాళ్ళ నాన్న మేడ మీద గది నీకిచ్చి, కలిసి గేమ్ సెంటర్ పెడదాం అవినాష్ అని నిన్ను ఎగదోసినవాడే. కమ్మగా చెప్పాడు అంతా.

ప్రారంభమని గుమ్మానికి మామిడాకులు కట్టారంట. కంచికచర్ల వైపు నించి, పరిటాల వైపు నించి ఇంజనీరింగు కాలేజీల పిల్లలు మెట్ల మీదాకా నిలబడ్డారంట. మామూలు కంప్యూటర్లు గోడ పక్కన వరసగా పెట్టారంట, వాటి మొహం చూసినవాడు లేడు. అందరూ వచ్చింది నీ రెండు కార్డుల మిషను కోసం. బెజవాడలో కూడా ఇలాంటిది లేదు వదినా అని చెప్పావు కదా నాకు. ఒక గ్రాఫిక్స్ కార్డు చాలదంట, రెండు పక్కపక్కన పెట్టి వంతెన వేస్తే తెర మీద కార్లు నిజం కార్లలాగా పరిగెడతాయంట.

పరిగెత్తాయంటలే, కాసేపు. నవీన్‌బాబు చెప్పాడు. పిల్లలు ఈలలు వేశారంట. నువ్వు కూడా నవ్వావంట. అంతలో వెనక నించి టప్పుమని చప్పుడు, కాలిన వాసన, గది నిండా పొగ. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి మెట్లు దిగి పారిపోయారంట. ఎవరి చెప్పులో అక్కడే ఉండిపోయాయంట. డబ్బా ఒక్కటే పోయిందా? పోతూ పోతూ ఆ రెండు కార్డుల్నీ, కింద బోర్డునీ వెంట తీసుకుపోయింది.

మిషను పోతే పోయిందిలే, మళ్ళీ కూడబెట్టుకుంటాం అనుకున్నావు కదూ. నవీన్‌బాబు ఏమన్నాడో చెప్పనా? ఉన్నదున్నట్టు చెప్తా విను.

"మీ వాడికి కార్డుల సంగతి తెలుసండి ఆండాళమ్మగారూ, నోరు తెరవడమే తెలీదు. ఆ డబ్బా పనికిరాదని ముందే తెలుసంట. తెలిసీ పెట్టాడు. ఇట్లాంటోడితో నేనెట్టా కలిసి చెయ్యను?"

గది సెల్‌ఫోన్ల కొట్టుకి ఇచ్చేస్తున్నారంట. మాటయిపోయింది.

నేను నీ తరఫున మాట్లాడాననుకున్నావా? చిన్నప్పట్నించీ వాడంతే నాయనా, అన్నా. నీదేం తప్పు లేదు బాబూ, అన్నా. పాపం ఆ పిల్లాడికి ఎంత హాయి అనిపించిందో.

ఎందుకట్టా మొహం ముడుస్తావు? అబద్ధం చెప్పానా?

నీకు గుర్తుందో లేదో, మీ అమ్మ పోయినప్పుడు నువ్వు బడికెళ్ళే పిల్లాడివి. ఆవిడ దినాల్లో ఎవరో నీకు ఇరుకు చొక్కా తొడిగారు. మెడ దగ్గర కోసుకుపోయి ఎర్రగా కందింది. సాయంత్రందాకా చెప్పలేదు నువ్వు. నేను స్నానానికి చొక్కా విప్పి చూసి ఏడ్చా. ఆ రోజు మటుకు జాలేసింది. తర్వాత తర్వాత జాలి పోయింది, చిరాకు మిగిలింది. ఇరుకని చెప్పడానికి నోరు లేకపోతే ఎట్టా? ఎంతకాలం ఎవరో ఒకరు చొక్కా విప్పి చూడాలి?

సరే, ఆ డబ్బా సంగతికి వద్దాం. ఎస్సెంపీఎస్సు అంటావు నువ్వు, నాకు నోరు తిరగదు, కరెంటు డబ్బా అంటా. గోడలోంచి వచ్చే కరెంటుని మిషనుకి సర్ది పెట్టే డబ్బా. నువ్వు కాయితం మీద పేరు రాసి లారీ జగన్నాథరావుగారికిచ్చావు, ఇదే తేవాలి, ఇంకోటి వద్దు అని. ఆయన లారీ మన ఇనుంతోపాటు తెస్తుంది కాబట్టి. నువ్వు అటు తిరగ్గానే నేను ఆయన్ని పిలిచి, ఇంకోటి కూడా తెండి అన్నగారూ, అంకె పెద్దగా ఉన్నది, బరువైనది చూసి, నచ్చనిది వెనక్కి పంపుతాం అని చెప్పా.

అవును, నేనే చెప్పా. ఇన్నాళ్ళూ ఆయన పొరపాటున రెండు తెచ్చాడనుకున్నావా? లారీ గరికపాడు దాబా దగ్గర ఆగిన కాసేపట్లో ఆయన నాకు ఫోన్ కూడా చేశాడు, పెద్దది చాలా బరువుందమ్మా, చెయ్యి లాగేస్తోంది అని. మంచిది, తెండి అన్నా.

మన ఇంటి ముచ్చట నీకు తెలియంది కాదు. గడప లోపలికి ఏది వచ్చినా ముందు కాటా ఎక్కాలి. మీ తాతగారి నాటి నించీ అంతే. పెళ్ళికి చేయించిన లడ్డూలు, దీపావళి మతాబులు, నా కాళ్ళ పట్టీలు, ఆఖరికి పుట్టిన బిడ్డ. పురిటి స్నానం అయ్యాక కొట్టుకి తెచ్చి, ఈ పళ్ళెంలో పడుకోబెట్టి, ఆ పళ్ళెంలో బెల్లం దిమ్మలు పెట్టి తూచి, ఆ బెల్లం బజారంతా పంచాలి. నిన్ను తూచినప్పుడు నేనింకా ఈ ఇంటికి రాలా. మీ అమ్మ చెప్పేది. బెల్లం దిమ్మ పెడితే నీ పళ్ళెం పైకి లేచిపోయిందంట. దిమ్మని సుత్తితో చెక్కుకుంటూ చెక్కుకుంటూ, ఇంత ముక్క చేసి నీకు సరితూచారంట. అంత తేలిక నువ్వు.

అలాంటి కొట్టులో, మంచి బేరాల వేళ, నీ రెండు డబ్బాలూ కాటా ఎక్కాయి. జ్ఞానయ్యే ఎక్కించాడు, నేను చెప్తే. ఆ పళ్ళెంలో నువ్వు కోరుకున్నది, ఈ పళ్ళెంలో నేను తెప్పించింది. నీది గాల్లోకి లేచింది. నాది ధన్‌మని కూర్చుంది. కొట్లో ఉన్న రైతులు నవ్వారు. రెడ్డిగూడెం నించి రేకుల కోసం వచ్చిన ఆయన, చూడు తమ్ముడూ, బరువులోనే ఉంటుంది సరుకు అని నీ భుజం తట్టాడు కూడా.

అప్పుడు నేను అడిగా నిన్ను. అందరూ వింటుండగా అడిగా. ఏం అబ్బాయ్, ఏది ఉంచుకుందాం, ఏది పంపేద్దాం?

నువ్వేమన్నావు?

"మీ ఇష్టం వదినా."

అంతే. అదే మాట. ఆ మాట అనేటప్పుడు నా మొహం కూడా చూడలా, పైకి లేచిన పళ్ళెం వంక చూశావు. సాయంత్రం లారీలో నీ డబ్బా వెనక్కి పోయింది.

వదినకి ఏం తెలుసులే, ఇనుం అమ్ముకునే ఆడది, కంప్యూటర్ల సంగతి దానికేం అర్థమవుతుంది అని సరిపెట్టుకున్నావేమో. తెలియక చేసింది పాపం అని నిన్న రాత్రి దుప్పట్లో పడుకుని నన్ను క్షమించి కూడా ఉంటావు. ఆ క్షమించడం నాకొద్దు. వెనక్కి తీసుకో.

ఆ ముందు రోజు మధ్యాన్నం అన్నం తింటూ నాకు చెప్పావు చూడు, అది నాకు పూర్తిగా అర్థమయింది. పక్కన ఎవరూ లేరు కాబట్టి ఎంత బాగా చెప్పావో. డబ్బా మీద రాసిన అంకె చూడకూడదు వదినా అన్నావు. బోరు మోటారు మీద పెద్ద అంకె రాసుంటుంది, నీళ్ళు వదిలితే పక్క మడికి కూడా చేరవు, అట్లాంటిదే ఇదీ అన్నావు. ఆట జోరు మీదున్నప్పుడు రెండు కార్డులూ ఒకేసారి కరెంటు లాగుతాయి, పన్నెండు వోల్టుల తీగలో అప్పుడు ఎంత నిలబడి ఇవ్వగలదో అదే చూసుకోవాల్సింది అన్నావు. నిలబడలేని డబ్బా అయితే తను పోవడమే కాదు, కార్డుల్ని కూడా కాలుస్తుంది అన్నావు. మెతుకులతో పళ్ళెంలో బొమ్మ కూడా వేసి చూపించావు.

మెట్ట ఊళ్ళ దాన్ని నేను. కరెంటు చాలక మోటార్లు కాలిపోతే రైతులు మన కొట్టు ముందు కూర్చుని ఏడవడం చూస్తూ ముసలిదాన్నయ్యా. నాకు అర్థం కాదా? ఇంకొంచెం పప్పు వెయ్యనా అని అడిగా, అంతే. అర్థం కానట్టు మొహం పెట్టడం కొట్లో కూర్చునే వాళ్ళకి ముందు వచ్చే విద్య.

ఇంకోటి చెప్తా. ఆ పెద్ద డబ్బాని పళ్ళెంలోంచి దించింది నేనే. జ్ఞానయ్యని వద్దని నేనే దించా. దించుతుంటే లోపల ఏదో కొంచెం కదిలింది. నట్టు కాదు, తీగ కాదు. మొద్దు చప్పుడు. పని చేసే వస్తువు లోపల అలాంటి చప్పుడు ఉండదు. తూకం కోసం పెట్టిన బరువుకే ఉంటుంది. పళ్ళెం అడుగున సీసం అతికించినవాడి కాటాని మా ఆండాళు కళ్ళు మూసుకుని చప్పుడుతో పట్టేస్తుందని మీ అన్నయ్య నలుగురికీ చెప్పుకుంటాడు. అలాంటి దాన్ని, నాకు తెలీదా ఆ చప్పుడు?

తెలిసింది. అక్కడే, ఆ క్షణంలోనే తెలిసింది. నీ చేతిలో పెట్టి, జాగ్రత్తగా పట్టుకో అబ్బాయ్, బరువుంది అన్నా.

ఇప్పుడు చూశావు నా వంక. అమ్మయ్య. పొద్దుట్నించీ ఇప్పుడు ఎత్తావు తల.

అను. ఏమనాలనుకుంటున్నావో అను. ఆ స్క్రూడ్రైవరు అట్టా పట్టుకుని కూర్చోమాకు, విసురు. జ్ఞానయ్య లేడు, రేకులు దింపడానికి వెళ్ళాడు. మీ అన్నయ్య మేడ మీద పడుకున్నాడు, ఆయనకి ఇక్కడి మాటలు వినపడవు. ఎవరూ లేరు. నీకు నలుగురిలో కదా నోరు రానిది, ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నా.

మళ్ళీ ఆ స్క్రూలే తిప్పుతున్నావు.

నీకు బిగించడం ఇష్టం లేని డబ్బాని నీ చేతులతో నువ్వే బిగించావు. నేను వచ్చి బిగించానా? నందిగామలో నీ గదిలో నువ్వు, నీ మిషను, నీ స్క్రూడ్రైవరు. తలుపేసుకుని పక్కన పడెయ్యొచ్చు. నవీన్‌బాబుతో చెప్పి ఇంకోటి తెప్పించొచ్చు. రెండు కార్డుల్లో ఒకటి పీకేసి ఆడించొచ్చు, అదన్నా బతికేది. ఏదీ చెయ్యలా. వదిన మాట తీసేసినట్టు అవుతుందని పెట్టావు. అదృష్టం బాగుంటే నిలబడుతుందేమో అని దణ్ణం పెట్టుకుని స్విచ్చు వేశావు. నేను చేసింది ద్రోహం, ఒప్పుకుంటా. నువ్వు చేసిందానికి పేరేంటి?

నేను నిన్ను పరీక్ష పెట్టా అబ్బాయ్. కాటా ముందు నువ్వు ఒక్కసారి, వద్దు వదినా, నాకు ఆ చిన్నదే కావాలి, మీకు తెలీదు అని గట్టిగా అంటే, పోనీ అని నిన్ను నందిగామ పంపేద్దామనుకున్నా. ఊరు కాని ఊళ్ళో, కాలేజీ పిల్లల మధ్య, కుర్చీ విసిరేవాడొకడు, డబ్బులెగ్గొట్టేవాడొకడు, వాళ్ళ మధ్య బతకాలంటే నోరుండాలి. ఉందేమో చూద్దామనుకున్నా. లేదు.

అని చెప్పుకుంటున్నా, రాత్రి నించీ నాకు నేను. బాగానే ఉంది కదూ వినడానికి? పెంచిన తల్లి పరీక్ష పెట్టిందంటే ఎంత మర్యాదగా ఉంటుంది.

అది కాదులే. నువ్వు వద్దన్నా ఇంకేదో చేసేదాన్ని. మేడ మీద మీ అన్నయ్య ఉన్నాడే, సీతారామాంజనేయులుగారు, పేటలో ఇనపకొట్టంటే ఆయన పేరే చెప్తారు. ఆయనకి ఇప్పుడు కాటా ముల్లు కనపడదు. వేలితో తడుముకుంటాడు. మొన్న సంతరోజు ఎవడో పళ్ళెం కింద చెప్పు కాలు పెట్టి చువ్వలు తూయించుకుపోయాడు, ఈయన పక్కనే నిలబడి నవ్వుతూ మాట్లాడుతున్నాడు వాడితో. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూశా. కొట్టంతా ఒక్కదాన్నే చూసుకోవాలి అంటే భయమేసింది నాకు. నిజంగా భయమేసింది.

ఆయన మాత్రం, వాణ్ణి పోనివ్వు ఆండాళూ, వాడికి మనసు ఇక్కడ లేదు అన్నాడు. మహానుభావుడు. కళ్ళు పోతే మనసు పెద్దదవుతుందేమో. నాకు కళ్ళున్నాయి మరి.

నువ్వు పోతే ఈ కాటా దగ్గర ఎవరు కూర్చుంటారు? అదే సంగతి. ఇంకే సంగతీ లేదు. అందుకే ఆ చప్పుడు విని కూడా నోరు మూసుకున్నా. నోరు మూసుకోవడం నీ ఒక్కడికే వచ్చనుకున్నావా?

బాధ లేదా అంటే, ఉంది. పొగ వచ్చినప్పుడు పిల్లలు పారిపోయారు, నువ్వొక్కడివే అక్కడ నిలబడి చేత్తో పొగ విసురుతూ ఉన్నావంట. నవీన్‌బాబు అది కూడా చెప్పాడు. ఆ మాట విన్నాక అన్నం సయించలా. అయినా మళ్ళీ ఆ రోజొస్తే మళ్ళీ అంతే చేస్తా. ఇంత చెప్పాక ఇది కూడా చెప్పకపోతే అన్యాయం.

కాబట్టి ఇప్పుడు నీ ముందు రెండే ఉన్నాయి. ఆ గుమ్మం దాటి బస్సెక్కి నందిగామ పో, నవీన్‌బాబు కాలరు పట్టుకో, మా వదిన చేసిన పని ఇదీ అని చెప్పు. వాడు నాకు ఫోన్ చేస్తే నేను అవునంటా, దాచను. లేదంటే ఇక్కడ కూర్చో.

ఏంటి, లేచావు? వెళ్తున్నావా?

...ఓహో. బేరం వచ్చిందా. నేను చూడలా. రండి బాబూ, మేకులా? పెద్దవా, చిన్నవా? కూర్చోండి, మావాడు తూస్తాడు.

ఆగు అబ్బాయ్. ఆ కాటాకి నిన్న కొత్త పళ్ళెం వేశారు, పాతదాని కన్నా తేలిక. ఖాళీగా ఉంటేనే ముల్లు ఒక పక్కకి పోతోంది చూడు. ఇట్టా తూస్తే మనమే మునుగుతాం. ఆ తేలికకి సరిపడా బరువు, పాసంగం కట్టాలి.

ఏం కట్టాలంటే, ఆ ముద్దే. పారెయ్యబోయావు కదా, పారెయ్యమాకు. బైండింగు వైరు ఉంది అక్కడ, సుత్తి గల్లాపెట్టె కింద ఉంది. మొత్తం బరువెక్కువ, కొంచెం కొంచెం చెక్కు. ముల్లు నడుమకి వచ్చిందాకా చెక్కు. ఆయన ఆగుతాడులే.

అట్టా కాదు, మెల్లిగా. ఊఁ. ఇంకొంచెం. అదీ. వచ్చింది చూడు, సూటిగా నిలబడింది. మీ అన్నయ్యకి కూడా ఇంత బాగా కుదరదు.

ఇప్పుడు కట్టు. ఏంటి, గొణక్కు, గట్టిగా చెప్పు. గొలుసుకి కట్టాలా, కొక్కేనికా అనా? నువ్వు చూసి చెప్పు, కాటా దగ్గర కూర్చునేది నువ్వే ఇంక. ఏది బాగుంటే...

ఏవన్నావు?

నా ఇష్టమా.

ఆ మాట ఇంకోసారి అనమాకు నా దగ్గర. చచ్చినా అనమాకు.

గొలుసుకి కట్టు. గట్టిగా మెలెయ్యి, ఊడిరాకుండా. ఆయన నిలబడ్డాడు, మేకులు తూయి.